నీళ్లు తగ్గిన కాలంలో పాత మరబోటు కొనేటప్పుడు ఏమేమి చూడాలి

శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. వేసవిలో అది ఎంత కిందికి దిగుతుందో సోమశిల రేవుకు వెళ్లినవారికి వేరే చెప్పనక్కరలేదు. ఏడాదిలో చాలా నెలలు మునిగి ఉండే సంగమేశ్వరాలయం బయటపడే ఆ రోజుల్లో పడవలు ఎండిన ఒండ్రు మీద ఒక పక్కకు ఒరిగి కనిపిస్తాయి. పాత పడవల బేరాలు ఎక్కువగా కుదిరేది కూడా అప్పుడేనని నా అనుభవం, ఎందుకంటే అమ్మేవారికి అది రాబడి లేని కాలం, కొనేవారికి వరద వచ్చేలోగా సిద్ధం కావాలన్న తొందర. ‘నీళ్లొచ్చినంక నడిపి చూద్దువుగని, ముందుగాల బయానా ఇయ్యన్నా’ అన్న మాట జూరాల దగ్గరైనా, సాగర్ దగ్గరైనా వినబడుతూనే ఉంటుంది. ఆ మాటకు తలొగ్గవలసి వచ్చినప్పుడు, పడవను గట్టు మీదే ఎంతవరకు పరీక్షించవచ్చో తెలిసి ఉండాలి. పడవ ఒంటి సంగతి దాదాపు అంతా గట్టు మీదే తెలుస్తుంది. ఇంజన్ సంగతి సగమే తెలుస్తుంది. బరువు ఎక్కినప్పుడు అది ఎలా లాగుతుందో మాత్రం నీళ్లలో తప్ప తెలియదు.

ఫైబర్ పడవ అయితే మొదట అడుగు చూడాలి. పదహారు అడుగుల లోపు పడవను ఇంజన్ విప్పి నలుగురైదుగురు మనుషులు బోర్లించగలరు, కాబట్టి అమ్మేవారు బద్ధకించినా కొనేవారు పట్టుబట్టాలి. పొద్దున గానీ సాయంత్రం గానీ ఏటవాలు ఎండలో పక్క నుంచి చూస్తే, నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు కనిపించని అతుకులు, ఉబ్బులు, రంగు తేడాలు కనిపిస్తాయి. మన దక్షిణ తెలంగాణ జలాశయాల ఒడ్డున రాయి ఎక్కువ, అందువల్ల పడవ ముక్కు కింది భాగం గీసుకుపోయి ఉండడం మామూలే. పైపూత మాత్రమే పోతే భయం లేదు కానీ, లోపలి నార బయటపడి తడిసి ఉంటే ఆలోచించాలి. ఆ తరువాత స్క్రూడ్రైవర్ పిడితో అడుగంతా జానెడు జానెడుకూ తట్టుకుంటూ పోవాలి. గట్టి చోట ఖంగుమనే చప్పుడు, పొరలు విడిన చోట లేదా లోపలి చెక్క నానిన చోట మొద్దు చప్పుడు వస్తాయి. కుండ కొనేటప్పుడు తట్టి చూసే చెవి ఉన్నవారికి ఇది కొత్త విద్య కాదు.

ఇంజన్ బిగించే వెనుక పలక మీద మరింత సమయం పెట్టాలి. పైకి ఫైబర్ కనిపించినా చాలా పడవల్లో దాని లోపల ప్లైవుడ్ ఉంటుంది, బోల్టు రంధ్రాల గుండా నీరు చొరబడి అది ఏళ్ల తరబడి కుళ్లుతుంది. ఇంజన్‌ను పైకి ఎత్తి ఉంచి, దాని కింది కొసను పట్టుకొని మెల్లగా పైకీ కిందికీ ఊపుతూ పలకను గమనించాలి. పలక ఏ మాత్రం వంగినా, బోల్టుల చుట్టూ సన్నని పగుళ్లు తెరుచుకున్నా, ఆ పడవను వదిలేయడం మంచిది. ఈ పలకను కొత్తగా వేయించే ఖర్చు చాలాసార్లు చిన్న పడవ ధరతో పోటీ పడుతుంది.

పడవ నీళ్ల దగ్గరికి వెళ్లలేనప్పుడు నీళ్లనే పడవలోకి తేవచ్చు. పడవను సరిగా నిలిపి, అడుగు కింద అంతటా ఇసుక మూటలు ఆనించి, లోపల నాలుగైదు అంగుళాల ఎత్తు వరకు నీళ్లు పోసి గంటసేపు వదిలేస్తే, చిల్లులూ విడిన అతుకులూ బయటి నుంచి చెమ్మగా కనిపిస్తాయి. అంతకు మించి పోయకూడదు. లీటరు నీరు కిలో బరువు ఉంటుంది, ఆనింపు లేని పడవ ఆ బరువుకు వంగిపోతుంది. తరువాత నీళ్లు తోడేసి, వెనుక బిరడా తీసి, ముక్కు భాగాన్ని ఎత్తి రాత్రంతా ఉంచాలి. తెల్లవారినా చుక్కలు పడుతూనే ఉంటే, పడవ లోపలి నేల కింద, తేలడం కోసం నింపిన ఫోమ్ నీరు పీల్చుకుందని అనుమానించాలి.

ఇక ఇంజన్. వచ్చే ముందే ఫోన్ చేసి, తాము వచ్చేవరకు ఇంజన్ స్టార్ట్ చేయవద్దని చెప్పాలి, చేరగానే దాని మీద చేయి పెట్టి చూడాలి. వెచ్చగా ఉంటే ఎవరో ముందే తంటాలు పడి స్టార్ట్ చేశారన్నమాట. చల్లని ఇంజన్ మీదే మొదట గేర్ ఆయిల్ చూడాలి. కదలకుండా ఉన్న ఇంజన్‌లో నీరు అడుగుకు చేరుతుంది కాబట్టి, కింది స్క్రూ కాస్త వదులు చేస్తే ముందుగా అదే బయటికి వస్తుంది. ఆయిల్ పాల రంగులో ఉంటే సీలు పోయి నీరు చేరింది, వేలికి లోహపు పొడి తగిలితే గేర్లు అరిగాయి. ప్రొపెల్లర్ విప్పి దాని వెనుక షాఫ్టును కూడా చూడాలి. మన జలాశయాల నిండా వలలే కనుక, నైలాన్ దారం షాఫ్టుకు చుట్టుకొని సీలును కోసేయడం ఇక్కడ తరచుగా జరిగే నష్టం. షాఫ్టు పక్కన పుల్ల పెట్టి చేత్తో తిప్పితే వంకర ఉందో లేదో తెలుస్తుంది.

మెకానిక్‌ను వెంట తీసుకువెళితే ప్లగ్గులన్నీ తీసి ప్రతి సిలిండర్ కంప్రెషన్, అంటే లోపల పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి, కొలిపించాలి. అంకె ఎంత అన్నదానికంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం, అది పది పదిహేను శాతం దాటితే ఇంజన్ విప్పవలసిందే. కాకినాడ, మచిలీపట్నం వైపు నుంచి డీసీఎంలో వచ్చిన ఇంజన్ అయితే ఉప్పునీటి జాడలు వెతకాలి. బోల్టుల చుట్టూ తెల్లని పొడి, ఇంజన్ వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ మూత లోపల పేరుకున్న ఉప్పు చెప్పేది అమ్మేవారి మాటకంటే నమ్మదగినది.

స్టార్ట్ చేసేటప్పుడు ప్రొపెల్లర్ తీసివేసి, ఇంజన్ కింది భాగం మునిగేలా పెద్ద డ్రమ్ములో నీళ్లు పోయాలి, లేదా నీరు పీల్చే రంధ్రాలకు రబ్బరు మూతలు తొడిగి గొట్టంతో నీరు ఇవ్వాలి. నీరు లేకుండా ఒక్క నిమిషం కూడా నడపకూడదు, ఇంజన్‌ను చల్లబరిచే నీటిని తోడే పంపులోని రబ్బరు రెక్కలు మాడిపోతాయి. పక్కనుంచి సన్నని నీటిధార ఆగకుండా రావాలి. బ్యాటరీ వోల్టేజి స్టార్ట్ కాకముందు 12.6 దగ్గర ఉండి, నడుస్తున్నప్పుడు 13.5 దాటాలి. ఆపదలో ఇంజన్ ఆపడానికి ఉండే ఎర్ర తాడు లాగితే ఇంజన్ వెంటనే ఆగాలి. పాత పెట్రోలు పారబోసి కొత్తది పోయించడం మరవకూడదు, ఎందుకంటే ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను పీల్చుకొని నిల్వలో చెడిపోతుంది.

డ్రమ్ములో ఇంజన్ ఎంత బాగా నడిచినా అది ఖాళీ బండిని లాగిన ఎద్దు లాంటిది. నేను కొన్న మొదటి పడవ ఇంజన్ డ్రమ్ములో గడియారంలా నడిచింది. నీళ్లొచ్చాక నలుగురం ఎక్కి గట్టిగా పెంచితే ఇంజన్ అరుస్తోంది, పడవ మాత్రం కదలడం లేదు. ప్రొపెల్లర్ మధ్యలోని రబ్బరు బుష్ జారుతోంది. అది చిన్న మరమ్మతే, నా అదృష్టం. అదే చోట వేడెక్కే ఇంజన్ ఉంటే చిన్నదయ్యేది కాదు. పూర్తి వేగంలో పెట్రోలు అందకపోవడం, వేడెక్కడం, గేరు జారడం, వంపు తిరిగేటప్పుడు స్టీరింగ్ పట్టేయడం గట్టు మీద బయటపడవు.

కాగితాల విషయం చిన్నదే గానీ తప్పనిసరి. 1917 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2021 లోతట్టు జలనౌకల చట్టం ప్రకారం ఇంజన్ పడవకు రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ పత్రంలోని వివరాలు, ఇంజన్ బ్రాకెట్ మీది నంబరు, కొన్న బిల్లు మూడూ కలవాలి. మత్స్యకార సహకార సంఘం ద్వారా సబ్సిడీపై వచ్చిన ఇంజన్ అయితే, దాన్ని అమ్మే హక్కు ఆ మనిషికి ఉందో లేదో సంఘంలోనే అడగాలి. బ్యాంకు అప్పు ఉంటే తీరినట్టు లేఖ చూడాలి.

డబ్బు కూడా ఈ పరీక్షల ప్రకారమే పంచాలి. బయానాగా కొంత, పడవ తీసుకునే రోజు ఎక్కువ భాగం ఇచ్చి, నాలుగో వంతు వరకు మిగిల్చి, ఒప్పంద పత్రంలో ఇలా రాయించుకోవాలి: జలాశయంలో నీళ్లు వచ్చిన పదిహేను రోజుల్లోపు ఇద్దరి సమక్షంలో, నలుగురు మనుషుల బరువుతో, అరగంట పూర్తి వేగంలో నడిపి చూస్తారు, ఇంజన్ వేడెక్కకుండా, గేరు జారకుండా నడిస్తే అదే రోజు మిగిలిన సొమ్ము చెల్లుతుంది, లోపం బయటపడితే మరమ్మతు ఖర్చు అందులోంచి తగ్గుతుంది. ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి, వారిలో ఒకరు అదే రేవులో పడవ నడిపేవారైతే మేలు. ఈ షరతుకు ఒప్పుకోని అమ్మకందారుకు నేను బయానా ఇవ్వను. ఒప్పుకున్నవారికి మాత్రం బేరంలో రెండు మూడు వేలు అటూ ఇటూ అయినా పట్టించుకోను.