ఫింగర్ లేక్స్ వైనరీలకు బయలుదేరే ముందు

న్యూయార్క్ రాష్ట్రంలోని ఫింగర్ లేక్స్ ప్రాంతంలో ద్రాక్ష కోతలూ, ఆకులు రంగు మారడమూ దాదాపు ఒకేసారి వస్తాయి కాబట్టి, సెప్టెంబరు, అక్టోబరు వారాంతాల్లో అక్కడ రద్దీ ఎక్కువగా ఉంటుంది. న్యూజెర్సీ నుంచి కారులో వెళ్ళే తెలుగువారు ముందుగా తేల్చుకోవలసినది, తిరుగు ప్రయాణంలో స్టీరింగ్ ఎవరి చేతిలో ఉంటుందన్నది.

వైనరీల్లో, అంటే వైన్ తయారుచేసే చోట్ల, రుచికి పోసే వైన్ గ్లాసు అడుగున కాస్తంతే కదా అన్న ధీమాయే మోసం చేస్తుంది. ఒక్కోసారి పోసేది సుమారు 30 మిల్లీలీటర్లు. ఐదు రకాలు రుచి చూస్తే 150 మిల్లీలీటర్లు, అంటే ఒక మామూలు గ్లాసు వైన్ పూర్తిగా తాగినట్టే. నాలుగు వైనరీలు తిరిగితే నాలుగు గ్లాసులు! ఈ చలి ప్రాంతానికి పేరు తెచ్చిన రీస్లింగ్ అనే తెల్ల వైన్‌లో పులుపు, తీపి కలిసి ఉండటం వల్ల, చల్లగా ఉన్నప్పుడు అది పళ్ళరసంలా దిగిపోతుంది. అందుకే కౌంటరు మీద ఉమ్మడానికో, మిగిలింది పారబోయడానికో చిన్న పాత్ర పెడతారు. నలుగురిలో ఉమ్మడమేమిటని మనవాళ్ళు మొహమాటపడతారు గానీ, అక్కడ అది వృత్తి తెలిసినవారి అలవాటే. నా మట్టుకు రోజుకు మూడు వైనరీలు చాలు.

ఆ రాష్ట్రంలో రక్తంలో ఆల్కహాలు 0.08 శాతానికి చేరితే మద్యం తాగి నడిపిన నేరం, 0.05 దాటినా మరో అభియోగం మోపవచ్చు. వీసా మీద ఉన్నవారికి ఇంకో చిక్కు ఉంది: కోర్టులో నేరం రుజువు కాకముందే, అరెస్టు ఆధారంగా అమెరికా విదేశాంగ శాఖ వీసాను రద్దు చేయవచ్చు. కాబట్టి తాగనివారు ఒకరు తోడుండాలి, లేదా డ్రైవరుతో సహా బండి మాట్లాడుకోవాలి. పల్లె దారుల్లో అప్పటికప్పుడు క్యాబ్ దొరుకుతుందని నమ్ముకోకూడదు.

ఖాళీ కడుపుతో వెళ్ళకూడదు. పులిహోర డబ్బా వెంట తీసుకెళ్ళేవారు, బయటి తిండిని లోపలికి అనుమతిస్తారో లేదో ముందే ఫోనులో కనుక్కోవాలి. నిద్రమాత్రలు వాడేవారు ఒక్క గుక్క కూడా ముట్టకపోవడమే క్షేమం. 21 ఏళ్ళు నిండినట్టు గుర్తింపు కార్డు దగ్గర ఉండాలి. పులుపు వైన్లు తాగిన వెంటనే పళ్ళు తోమితే పంటి పైపొర అరుగుతుంది కాబట్టి, నీళ్ళతో పుక్కిలించి కొంతసేపు ఆగాలి.

మధ్యాహ్నం ఎండగా ఉన్నా, పొద్దువాలగానే సరస్సు గాలి కోత పెడుతుంది కాబట్టి కోటు కారులోనే ఉంచుకోవాలి. ఆ వేళకే జింకలు తోటల్లోంచి రోడ్డు మీదికి వస్తాయి. ఒకటి దాటిందని వేగం పెంచకుండా, వెనక మరొకటి ఉందేమో చూసుకుని కదలాలి.