గుడ్డు దశలోనే పురుగును ఆపడం: లింగాకర్షక బుట్టలు, ట్రైకోకార్డులు వాడే విధానం

ట్రైకోగ్రామా అర మిల్లీమీటరు కూడా ఉండని కందిరీగ జాతి కీటకం. రెక్కల పురుగులు పెట్టిన గుడ్లలోకి ఇది తన గుడ్లు చొప్పిస్తుంది. లోపల పెరిగే దాని పిల్ల ఆ గుడ్డును తినేయడంతో పంటను కొరికే పురుగు పుట్టనే పుట్టదు. గుడ్డు పగిలి పురుగు బయటపడ్డాక మాత్రం ఇది చేయగలిగిందేమీ లేదు. ఈ కందిరీగ చేరిన గుడ్లను అతికించిన అట్టలే ట్రైకోకార్డులు. ఆకులపై రంధ్రాలు చూశాక కార్డులు తెప్పించేవారు ఈ ఒక్క విషయం మరిచిపోయి, తర్వాత కార్డును తప్పుబడతారు.

సరైన రోజు తెలియాలంటే ముందు లింగాకర్షక బుట్టలు, అంటే ఆడ పురుగు వాసన గల ఎరతో మగ పురుగులను రప్పించే ఉచ్చులు, పెట్టాలి. నిఘా కోసం ఎకరానికి 4 బుట్టలను పైరు కంటే అడుగు ఎత్తులో కట్టి, పైరు పెరిగేకొద్దీ పైకి జరపాలి. శనగపచ్చ పురుగు ఎరకు పొగాకు లద్దె పురుగు రాదు కనుక ఏ పురుగు కోసం చూస్తున్నామో దాని ఎరనే పెట్టాలి. ఒక ఎరను తాకిన చేతితో మరోదాన్ని తాకకూడదు. ఎరను మూడు నాలుగు వారాలకోసారి మార్చి, పాతదాన్ని పొలంలో పడేయకుండా బయటికి తీసుకుపోవాలి. బుట్టలో పడేవి మగ పురుగులే కాబట్టి నాలుగు బుట్టలతో పురుగు ఉధృతి తగ్గుతుందని ఆశించడం పొరపాటు. రోజూ ఉదయం లెక్కపెట్టి పుస్తకంలో రాసుకోవాలి. నిన్నటిదాకా ఒకటీ అరా పడిన చోట వరుసగా రెండు మూడు రాత్రులు సంఖ్య పెరిగితే, గుడ్లు పడుతున్నాయని భావించి లేత ఆకులను, మొగ్గలను వెతకాలి. గుడ్లు కనిపించిన వెంటనే కార్డులు కట్టాలి.

ఒక్కో కార్డుపై సాధారణంగా 20 వేల దాకా గుడ్లుంటాయి. కొనేటప్పుడు అవి నల్లబడి ఉన్నాయో లేదో, కందిరీగలు వెలువడే తేదీ ఎప్పుడో చూసుకోవాలి. ఈ కీటకం ఎక్కువ దూరం ఎగరలేదు కాబట్టి కార్డును ముక్కలుగా కత్తిరించి, పొలమంతా సమానంగా, ఆకుల అడుగుభాగాన, సాయంత్రం వేళ పిన్ను చేయాలి. మొదటిసారి నేను మిట్టమధ్యాహ్నం ఆకుల పైభాగాన గుచ్చి వచ్చాను. మర్నాటికి చీమలు సగం గుడ్లు మోసుకుపోయాయి. కార్డులు కట్టడానికి ముందు, తర్వాత కొన్ని రోజులపాటు పురుగుమందు చల్లకూడదు. కార్డు నుంచి వెలువడిన కందిరీగలు కొద్ది రోజులే బతుకుతాయి కనుక, బుట్టల్లో పురుగులు పడుతున్నంత కాలం వారానికోసారి మళ్లీ కట్టాలి.

ఫలితం తెలుసుకునేందుకు నాలుగైదు రోజుల తర్వాత పొలంలోని గుడ్లను ఆకు ముక్కతో సహా తెచ్చి భూతద్దంతో చూడాలి. కందిరీగ చేరిన గుడ్డు నిగనిగలాడే నలుపుకు తిరుగుతుంది. పురుగు పుట్టబోయే గుడ్డు కూడా కొంత ముదురు రంగుకు మారుతుంది గనుక రంగును మాత్రమే నమ్మకుండా, గుడ్లను గాజుసీసాలో వేసి మూతికి పలుచని గుడ్డ కట్టి ఉంచాలి. కదిలే ధూళిలా కందిరీగలు కనిపిస్తే పని జరిగినట్టే. పురుగులే ఎక్కువగా వస్తే తర్వాతి కార్డులను వారం ఆగకుండా ముందే కట్టాలి.

పొగాకు లద్దె పురుగు తన గుడ్ల గుంపుపై నూగు కప్పుతుంది. అక్కడ ట్రైకోగ్రామా అంతగా చొరబడలేదు. ఆ గుడ్ల గుంపులను ఆకుతో సహా ఏరివేయడం మేలు. తప్పించుకుని పుట్టిన చిన్న పురుగులపై, ఆ జాతి పురుగులకు జబ్బు చేసి చంపే ఎన్‌.పి.వి. వైరస్ ద్రావణాన్ని చల్లవచ్చు. ఎండకు ఆ వైరస్ త్వరగా చెడిపోతుంది కాబట్టి దానినీ సాయంత్రమే, ఆకుల రెండు వైపులా తడిసేలా పిచికారీ చేయాలి.