సువార్త చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: ఇది చూసింది ఎవరు?

పోయిన పాఠంలో లూకా మొదటి నాలుగు వచనాలు చదివి, “కన్నులార చూచి” అన్న మాట కింద గీత గీశాం. లూకా తాను చూశానని అనలేదు. చూసినవాళ్లు అప్పగించినదాన్ని మొదటినుంచి తరచి తెలుసుకుని రాస్తున్నానన్నాడు. ఈ తేడా పట్టుబడితే ఇవాళ్టి పాఠం తేలికే. బైబిల్, పెన్సిల్ దగ్గర పెట్టుకుని మార్కు 15వ అధ్యాయం తీయండి.

మన సంఘాల్లో సాక్ష్యం అంటే దేవుడు నా జీవితంలో చేసిన మేలు చెప్పడం. మా ప్రార్థన కూడికలో ఒక పెద్దమ్మ చెప్పిన తీరు నాకిప్పటికీ గుర్తు. “డాక్టరు ఆశ వదులుకోమన్నాడని మా అబ్బాయి చెప్పాడు, ఆ మాట నేను వినలేదు. మూడో రోజు పొద్దున మా ఆయన లేచి గంజి అడిగాడు. తాగించింది నేనే.” విన్నది వేరు, చూసింది వేరు, చేతులతో చేసింది వేరు. ఆమె వాటిని కలపలేదు. సువార్త చదివేటప్పుడు మనకు కావలసిన నేర్పు ఇదే.

ఇప్పుడు 15:40కి రండి. యేసు ప్రాణం విడిచినప్పుడు దూరం నుంచి చూస్తున్న స్త్రీల పేర్లున్నాయి: మగ్దలేనే మరియ, చిన్న యాకోబు, యోసేల తల్లి మరియ, సలోమే. “చూచుచుండిరి” కింద గీత గీయండి. 15:47లో శరీరాన్ని ఎక్కడ ఉంచారో చూసింది ఎవరు? ఇద్దరు మరియలే. సలోమే పేరు లేదు! 16:1లో సుగంధ ద్రవ్యాలతో బయలుదేరేటప్పటికి మళ్లీ ముగ్గురూ ఉన్నారు. కథ అందంగా ఉండాలనుకునేవాడు మూడుచోట్లా అవే మూడు పేర్లు రాసేవాడు. మార్కు ఎక్కడ ఎవరున్నారో లెక్క తప్పకుండా పెట్టినట్టు కనిపిస్తుంది. మరణం, సమాధి, ఖాళీ సమాధి, ఈ మూడూ చూసినవాళ్లు ఇద్దరే.

పైగా వాళ్లు స్త్రీలు. మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్, స్త్రీల సాక్ష్యాన్ని ఒప్పుకోకూడదని రాశాడు. అపొస్తలులకే వాళ్ల మాటలు “వెఱ్ఱిమాటలుగా” తోచాయని లూకా 24:11 దాచకుండా చెబుతుంది. జనాన్ని నమ్మించడానికి కల్పించిన కథ అయితే ఇలాంటి సాక్షులను ఎవరూ ఎంచుకోరు. నన్ను ఎప్పుడూ ఆపి ఆలోచింపజేసే చోటు ఇది.

ఇంకో గీత 15:21 దగ్గర. సిలువ మోసిన కురేనీయుడైన సీమోను “అలెక్సంద్రునకును రూఫునకును తండ్రి” అని మార్కు అంటాడు. మత్తయి, లూకా కొడుకుల పేర్లు ఎత్తలేదు. మార్కు రాసింది చదివిన మొదటి సంఘానికి ఆ అన్నదమ్ములు తెలిసినవాళ్లు కావచ్చు, మన ఊళ్లో “ఫలానావాళ్ల నాన్న” అన్నట్టు. రోమా 16:13లో ఒక రూఫు ఉన్నాడు. అతనే ఇతనని తేల్చి చెప్పలేం. అందుకే పక్కన “కావచ్చు” అని రాసుకోండి.

ఇక్కడ చాలామంది జారే చోటు ఒకటుంది. 1 కొరింథీ 15:6లో అయిదువందల మందికి పైగా సహోదరులకు యేసు ఒక్కసారే కనబడ్డాడని పౌలు రాశాడు. “అయిదువందల సాక్ష్యాలున్నాయి” అని ప్రసంగాల్లో వింటాం. మన చేతిలో ఉన్నది అయిదువందల సాక్ష్యాలు కాదు, వాళ్లున్నారని చెప్పిన ఒక్క పౌలు మాట. అలాగని అది చిన్న మాటేం కాదు. సిలువ జరిగిన సుమారు ఇరవై, ఇరవై అయిదేళ్లకు ఆ ఉత్తరం వెళ్లింది. వాళ్లలో చాలామంది ఇంకా బతికే ఉన్నారంటాడు, అంటే వెళ్లి అడగవచ్చు. తనకు కూడా కనబడ్డాడని 8వ వచనంలో చెబుతాడు, అది మాత్రం అతని సొంత సాక్ష్యం. 15వ వచనం చూడండి: క్రీస్తు లేవకపోతే మేము దేవుని విషయంలో అబద్ధ సాక్షులమే అంటాడు. మన విశ్వాసం ఒక మంచి బోధ మీద మాత్రమే నిలబడి ఉంటే పౌలుకు ఆ మాట అనాల్సిన అవసరమే లేదు. జరిగిన సంగతి మీద, చూసినవాళ్ల నోటి మీద నిలబడింది కాబట్టే అన్నాడు.

ఇంటిపని: ప్రధాన యాజకుని దాసుని చెవి తెగిన సంగతిని మార్కు 14:47లో, యోహాను 18:10లో పక్కపక్కన పెట్టి చదవండి. దాసుని పేరు, కత్తి దూసినవాని పేరు ఎవరు చెప్పారు? తర్వాత యోహాను 18:15, 16, 26 చదివి, ఆ పేర్లు ఎవరికి తెలిసి ఉండవచ్చో ఆలోచించండి. కాగితం మధ్యలో గీత గీసి, వచనంలో ఉన్నది ఎడమ వైపు, మీరు ఊహించింది కుడి వైపు రాయండి. వచ్చే పాఠంలో తోమా దగ్గరికి వెళ్తాం, ఆ కాగితం అప్పుడు కావాలి.