ఎలక్ట్రిక్ ఆర్‌సీ (రేడియో రిమోట్‌తో నడిపే) కారుకు మోటారు బ్రేకు ఎలా అమర్చుకోవాలి? డిస్కు బ్రేకు ఎప్పుడు అవసరం?

నైట్రో (ద్రవ ఇంధన) ఇంజనుతో నడిచే 1/8 స్కేలు (అసలు కారులో ఎనిమిదో వంతు) ఆర్‌సీ కారులో ఇంజను బ్రేకులా పని చేయదు కాబట్టి డిస్కు, దానిని నొక్కే ప్యాడ్లు, వాటిని కదిపే సర్వో (చిన్న మోటారు) ఉంటాయి. ఎలక్ట్రిక్ కారులో ఆ పని మోటారే చేస్తుంది. బ్రేకు వేయగానే ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని నియంత్రించే ఎలక్ట్రానిక్ పరికరం)లోని మాస్‌ఫెట్లు (ఎలక్ట్రానిక్ స్విచ్‌లు) మోటారు చుట్టలను ఒకదానితో ఒకటి కలిపివేస్తాయి. తిరుగుతున్న అయస్కాంతం ఆ చుట్టల్లో పుట్టించే విద్యుత్తే తిరుగుడును అడ్డుకుంటుంది. వేగం తగ్గేకొద్దీ ఈ పట్టు సడలుతుంది, అందుకే దీనిపైనే ఆధారపడిన కారు వాలు మీద ఆగకుండా మెల్లగా జారుతుంది.

మొదట చక్రాలు గాలిలో ఉండేలా కారును స్టాండుపై నిలిపి, రిమోట్ ట్రిగ్గర్ న్యూట్రల్ (వదిలేసిన), పూర్తి థ్రాటిల్, పూర్తి బ్రేకు స్థానాలను గుర్తించేలా ఈఎస్‌సీని కాలిబ్రేట్ చేయండి. ఇది సరిగా జరగకపోతే తరువాత మార్చే ఏ అంకెనూ నమ్మలేము. గరిష్ఠ బ్రేకును 50 శాతం వద్ద, డ్రాగ్ బ్రేకును (ట్రిగ్గర్ వదలగానే దానంతట అదే పడే తేలికపాటి బ్రేకు) సున్నా వద్ద ఉంచి ట్రాక్ మీదికి వెళ్లండి.

నేరుగా వేగంగా నడిపి, పూర్తి బ్రేకు వేసి, కారు వెనుక భాగాన్ని గమనించండి. వెనుక చక్రాలతో నడిచే కారులో మోటారు బ్రేకు ఆ రెండు చక్రాలకే అందుతుంది. బ్రేకు పడగానే బరువు ముందుకు వాలడంతో అవి తేలికై, బిగుసుకుపోయి, కారు గిర్రున తిరుగుతుంది. అలా జరిగితే 10 శాతం తగ్గించండి. నాలుగు చక్రాల కారులో పట్టు అన్ని చక్రాలకూ పంచబడుతుంది కనుక ఇంకా పెంచే వీలుంటుంది. పినియన్ (మోటారు ఇరుసు మీది చిన్న పళ్ల చక్రం) మార్చినప్పుడు ఈ పరీక్షను మళ్లీ చేయాలి, ఎందుకంటే చిన్న పినియన్ చక్రాల వద్ద బ్రేకును బలపరుస్తుంది.

ట్రిగ్గర్ వదిలినప్పుడు కారు మలుపులోకి మరీ వేగంగా దొర్లిపోతుంటే డ్రాగ్ బ్రేకును 5 శాతం నుంచి మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచండి. అయిదు నిమిషాలు నడిపాక మోటారు ఉష్ణోగ్రత చూడండి. మోటారు బ్రేకు వేడి చాలా వరకు చుట్టల్లోనూ ఈఎస్‌సీలోనూ చేరుతుంది. మితిమీరితే అయస్కాంతాల బలం శాశ్వతంగా తగ్గిపోతుంది. 80 డిగ్రీల సెల్సియస్ దాటుతుంటే బ్రేకునో, చిన్న పినియన్ వేసి గేరింగునో తగ్గించడమే మేలు.

నా అభిప్రాయంలో చిన్న కార్లకు ఇంతకు మించి అక్కర లేదు. పది కిలోలు దాటే 1/5 స్కేలు కార్లలో మాత్రం డిస్కు బ్రేకు తన విలువ చూపిస్తుంది: వేడి మోటారుకు బదులు డిస్కుకు పోతుంది, ముందు వెనుకల పట్టును విడివిడిగా సరిచేసుకోవచ్చు. దీనిని బిగించాక ఈఎస్‌సీ బ్రేకులన్నీ సున్నాకు తగ్గించి, న్యూట్రల్‌లో చక్రాన్ని చేత్తో తిప్పి, ప్యాడ్లు ఎక్కడా రాసుకోకుండా లింకేజీ (సర్వోను ప్యాడ్లకు కలిపే కడ్డీలు) సరిచేయండి. సర్వోకూ రిసీవరుకూ వేరే బ్యాటరీ ఇస్తే, ప్రధాన బ్యాటరీ ప్లగ్ ఊడినా బ్రేకు పని చేస్తూనే ఉంటుంది. చివరగా ఫెయిల్‌సేఫ్‌ను (రిమోట్ సిగ్నల్ తెగినప్పుడు కారు ఏం చేయాలో చెప్పే అమరిక) థ్రాటిల్ సున్నాకు, బ్రేకు పట్టుకు అమర్చి, కారు స్టాండుపై ఉండగానే ట్రాన్స్‌మిటర్ ఆపివేసి డిస్కు నిజంగా పట్టుకుంటోందో లేదో చూడండి.