తనిఖీలో ఆహారం ఉష్ణోగ్రతను సరిగ్గా ఎలా కొలవాలి?

సూది మొన ఉన్న థర్మామీటరు, స్పిరిట్ దూది, గ్లాసు, మంచు, నోటు పుస్తకం చాలు. చేతులు కడుక్కుని, తలకు టోపీ పెట్టుకుని లోపలికి వెళ్లండి.

అంతకంటే ముందు మంచు పరీక్ష, అంటే థర్మామీటరును మంచు నీటిలో ముంచి సున్నా డిగ్రీలు చూపిస్తోందో లేదో చూడటం. బయలుదేరే ప్రతిసారీ చేయాల్సిందే. వారానికోసారి చాలనేవారి మాట వినకండి. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. గ్లాసు నిండా నీళ్లు పోసి, నాలుగు మంచు ముక్కలు వేసి, సూదిని అడుగుదాకా ముంచుతారు. మూడో నాలుగో డిగ్రీలు చూపిస్తే థర్మామీటరు పాడైందంటారు. అది నిజమే చెప్పింది. నీరు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అన్నిటికంటే చిక్కగా, బరువుగా ఉంటుంది. మంచు పైన తేలుతుంటే ఆ నీరు అడుగున చేరుతుంది.

మంచును దంచి గ్లాసు నిండా నింపండి. సందులు నిండేంత వరకే చల్లని నీరు పోయండి, చుక్క ఎక్కువ వద్దు. బాగా కలిపి నాలుగైదు నిమిషాలు ఆగండి. అడుగును, అంచును తాకకుండా సూదిని మధ్యలో 5 సెంటీమీటర్ల లోతున నిలపండి. అంకె కదలడం ఆగాకే చదవాలి. సున్నాకు 1 డిగ్రీకి మించి తేడా ఉంటే ఆ థర్మామీటరును పక్కన పెట్టేయండి. తేడాను మనసులో కూడుకుంటూ తనిఖీ సాగించిన వారిని చూశాను. దుకాణదారు గట్టిగా అడిగితే ఆ కొలత నిలబడదు. మరిగే నీటితో పరీక్షించడం నాకు నచ్చదు. ప్రతి 300 మీటర్ల ఎత్తుకు మరుగు స్థానం దాదాపు 1 డిగ్రీ తగ్గుతుంది, ఆ లెక్క ఎవరూ చూసుకోరు.

కొలిచేటప్పుడు సూది మాంసంలో అన్నిటికంటే మందమైన చోట దిగాలి, ఎముకకు తగలకూడదు. ఫ్రిజ్ తలుపు మీది అంకెను రాసుకోకండి, లోపలి ఆహారాన్నే కొలవండి. చల్లనిది 5 లోపు, వేడిది 60 పైన ఉండాలి. ఆ మధ్యలోనే క్రిములు చురుగ్గా పెరుగుతాయి. దూరం నుంచి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ పరికరం పైపొరను మాత్రమే చూస్తుంది, మెరిసే స్టీలు గిన్నె దగ్గర అదీ తప్పుతుంది. పచ్చి మాంసం నుంచి వండిన దానికి వెళ్లే ముందు సూదిని స్పిరిట్‌తో తుడిచి, ఆరనివ్వండి.

కబేళాలో కత్తులు ముంచే నీటిని మరవద్దు. అది 82 డిగ్రీలు ఉండాలి. ఉదయం తొట్టి నింపగానే కాకుండా, పని జోరుమీద ఉన్నప్పుడు కొలిచి, సమయంతో సహా అక్కడికక్కడే రాసుకోండి. చల్లారిన నీటిలో ముంచిన కత్తి ఒక పశువు క్రిములను మరో పశువు మాంసానికి అంటిస్తుంది.