క్రాన్ జాబ్ అయిదున్నర గంటలు ఆలస్యంగా నడుస్తుంటే

లినక్స్ సర్వర్‌లో మనం పెట్టిన టైమ్‌కు పనులను (జాబ్‌లను) దానంతటదే నడిపేది క్రాన్. ఆదివారం తెల్లవారుజామున 2 గంటలకని క్రాన్‌లో "0 2 * * 0" (వరుసగా నిమిషం, గంట, తేదీ, నెల, వారం; వారంలో 0 అంటే ఆదివారం, 6 అంటే శనివారం) అని పెట్టిన బ్యాకప్ ఉదయం 7:30కి మొదలయ్యేది. సర్వర్ గడియారం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంది. మన టైమ్ దానికంటే 5:30 గంటలు ముందు. టైమ్ ఒక్కటే మార్చి "30 20 * * 0" అంటే మనకు సోమవారం వచ్చేస్తుంది. మన ఆదివారం 2 గంటలంటే యూటీసీలో ఇంకా శనివారం రాత్రే, కాబట్టి "30 20 * * 6" అని రాయాలి.

అసలు చిక్కు నెల 1వ తేదీ తెల్లవారుజామున నడవాల్సిన జాబ్‌తో. యూటీసీలో అది ముందు నెల ఆఖరి రోజు. 28, 29, 30, 31లలో ఏదని రాస్తాం?

అందుకే టైమ్‌డేట్‌సీటీఎల్ (timedatectl) కమాండ్‌తో సర్వర్ టైమ్‌జోన్‌నే ఏషియా/కోల్‌కతాకు మార్చి, పాత లైన్లే మళ్లీ పెట్టాను. ఆ తర్వాత క్రాన్ సర్వీసును రీస్టార్ట్ చేయడం మరవొద్దు. చేయకపోతే అది పాత జోన్‌లోనే లెక్కేసుకుంటూ కూర్చోవచ్చు. లాగ్‌లలో టైమ్ కూడా మారుతుంది, టీమ్‌కు ముందే చెప్పండి.