పడమటి బయళ్లలో మ్యూల్ డీర్ వేట - 3వ పాఠం: రైఫిల్ ఎంచుకోవడం

క్రితం పాఠంలో బైనాక్యులర్‌తో కొండవాలును ముక్కలుముక్కలుగా గాలించడం నేర్చుకున్నాం. ఇప్పుడు మగ మ్యూల్ డీర్ (అమెరికా పడమటి ప్రాంతాల్లో ఉండే ఒక రకం జింక) కనిపించిందనుకోండి. రేంజ్‌ఫైండర్ 260 గజాలు చూపిస్తోంది. మీకూ దానికీ మధ్య మోకాలెత్తు సేజ్‌బ్రష్ పొదలు తప్ప ఒక్క చెట్టు లేదు. ఇంకాస్త దగ్గరికి పోదామంటే మరుగు లేదు. గాలి ఎడమ నుంచి కుడికి వీస్తోంది. వయోమింగ్‌లోనో, పశ్చిమ కొలరాడోలోనో వేటకు వెళ్తే ఇలాంటి పరిస్థితి ఎదురై తీరుతుంది. అప్పుడు మీ చేతిలో ఎలాంటి రైఫిల్ ఉండాలన్నదే ఈ పాఠం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రైఫిల్ ఎంత దూరం కొడుతుందో చూసి కొనకండి. నేల మీద కూర్చుని, ఆయాసపడుతూ, చలికి వేళ్లు కొంకర్లు పోతున్నప్పుడు మీరు ఎంత దూరం దాకా నికరంగా కొట్టగలరో చూసి కొనండి. చాలామందికి ఆ దూరం 300 గజాల లోపే ఉంటుంది. కడుపులో తూటా దిగిన జింక వెంటనే చావదు, గంటల తరబడి బాధపడుతుంది. ఆ పాపం మన చేతుల మీదుగా జరగకూడదనే ఇంత జాగ్రత్త.

ముందు చట్టం సంగతి

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. కాబట్టి ఈ పాఠాలు అమెరికాలో ఉండి లైసెన్సుతో వేటాడేవారికే. అక్కడ కూడా హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా ఒప్పుకోదు. దీనికున్న మినహాయింపుల్లో ఒకటి, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు. మీది వీసా అయితే తుపాకీ ముట్టుకోకముందే లాయరును అడగండి. స్నేహితుడి తుపాకీని రేంజ్‌లో ఒకసారి పేల్చి చూడటానికి కూడా ఇది వర్తిస్తుంది. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం లేదు.

కొలరాడోలో 1949 జనవరి 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేస్తేనే లైసెన్సు ఇస్తారు. అంటే దాదాపు మనందరం చేయాల్సిందే. జింకకు వాడే రైఫిల్ కనీసం .24 క్యాలిబర్ (గొట్టం లోపలి వ్యాసం, అంగుళాల్లో) ఉండాలని, తూటా 70 గ్రెయిన్లకు (తూటా బరువు కొలిచే చిన్న ప్రమాణం) తగ్గకూడదని, 100 గజాల దగ్గర 1000 ఫుట్-పౌండ్ల శక్తి ఉండాలని కూడా అక్కడ నియమం. మిగతా రాష్ట్రాల లెక్కలు వేరు. మీరు వెళ్లే రాష్ట్రం ఏటా వేసే నిబంధనల పుస్తకం చదవండి.

తొమ్మిది అంగుళాల పళ్లెం

మ్యూల్ డీర్ మగది బాగా పెరిగితే 200 పౌండ్లు దాటుతుంది. గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు మాత్రం అటూ ఇటూగా తొమ్మిది అంగుళాల గుండ్రం. అమెరికాలో ఏ కిరాణా షాపులోనైనా దొరికే పెద్ద పేపర్ ప్లేట్ సరిగ్గా అంతే ఉంటుంది. మనం కొట్టాల్సింది ఆ ప్లేట్‌నే. మధ్యలోకి గురిపెడితే పైకి నాలుగున్నర, కిందికి నాలుగున్నర అంగుళాల దాకా తేడా వచ్చినా ఫరవాలేదు. రైఫిల్ ఎంపిక మొత్తం ఈ లెక్క చుట్టూనే తిరుగుతుంది.

తూటా గొట్టం దాటిన క్షణం నుంచే కిందికి జారడం మొదలవుతుంది. అందుకే స్కోప్‌ను (గురి చూసే దుర్భిణి) గొట్టానికి కాస్త కోణంలో సర్దుతాం. అప్పుడు తూటా కొంతదూరం మన చూపు రేఖకు పైన ప్రయాణించి, మళ్లీ కిందికి దిగి, ఒకచోట దాన్ని కలుస్తుంది. ఆ దూరాన్నే జీరో అంటాం. .270 విన్‌చెస్టర్ అనే తూటా రకానికి చేసిన రైఫిల్‌లో 130 గ్రెయిన్ల తూటా వేసి 200 గజాలకు జీరో చేస్తే, 100 గజాల దగ్గర అంగుళంన్నర పైన తగులుతుంది. 300 దగ్గర ఆరు నుంచి ఏడు అంగుళాలు కిందికి పోతుంది. 400 దగ్గర ఆ జారుడు ఒక్కసారిగా 18 అంగుళాలు దాటుతుంది. చివరి వంద గజాల్లో ఎంత పడిందో గమనించండి. దూరం పెరిగేకొద్దీ వేగం తగ్గుతుంది, కిందికి పడటానికి సమయం ఎక్కువ దొరుకుతుంది.

అదే రైఫిల్‌ను 100 గజాల దగ్గర రెండున్నర అంగుళాలు పైకి తగిలేలా సర్దితే జీరో దాదాపు 250కి జరుగుతుంది. దారిలో ఎక్కడా మూడు అంగుళాల కంటే పెద్దగా పైకి లేవదు. 300 దగ్గర మూడు, నాలుగు అంగుళాలే దిగుతుంది. అంటే 300 గజాల దాకా ఏ లెక్కా వేయకుండా ప్లేట్ మధ్యలోకి గురిపెట్టి కొట్టవచ్చు. జింక నిలబడి చూసే నాలుగు సెకన్లలో స్కోప్ మీద మరలు తిప్పే టెన్షన్ ఉండదు. బయలు ప్రదేశంలో చదునుగా పోయే తూటా కావాలనేది ఇందుకే. అడవిలో తెల్లతోక జింకలకు వాడే లీవర్ యాక్షన్ (ట్రిగ్గర్ దగ్గరి లీవర్ తిప్పి తూటా ఎక్కించే) .30-30 ని 100 గజాలకు జీరో చేస్తే 200 దగ్గరికే ఏడెనిమిది అంగుళాలు పడిపోతుంది. అది తన చోట మంచి తుపాకీయే, ఇక్కడ మాత్రం పనికిరాదు.

ఇక షాపులో గంటల తరబడి నడిచే వాదన: .270 గొప్పదా, 6.5 క్రీడ్‌మూర్ గొప్పదా? మొదటిది 1925లో వచ్చింది, రెండోది 2007లో. రెండింటినీ 200 గజాలకు జీరో చేసి 300 దగ్గర చూస్తే పతనంలో తేడా అంగుళంన్నర, అంతే. మరో రెండు తూటా రకాలు .308, .30-06 కూడా .270 కంటే ఇంకాస్త దిగుతాయి. ఈ నాలుగింటిలో ఏది తీసుకున్నా మ్యూల్ డీర్‌కు లోటు లేదు.

గాలి

జారుడు లెక్కకు అందుతుంది, గాలి అందదు. గంటకు 10 మైళ్ల పక్కగాలి 300 గజాల దగ్గర ఈ తూటాలను ఐదు నుంచి ఏడు అంగుళాలు పక్కకు తోసేస్తుంది. వయోమింగ్‌లో 20 మైళ్ల గాలి వింతేమీ కాదు. అప్పుడు అది పది నుంచి పద్నాలుగు అంగుళాలు. ప్లేట్ దాటిపోయింది, ఊపిరితిత్తులకు గురిపెట్టిన తూటా కడుపులోకి వెళ్లింది. మధ్యలో లోయ ఉంటే మీ దగ్గర గాలి ఒకలా, జింక దగ్గర ఇంకోలా ఉంటుంది. సన్నగా, పొడవుగా ఉండే తూటాలను గాలి కాస్త తక్కువగా నెడుతుంది. 6.5 క్రీడ్‌మూర్‌కు నిజంగా ఉన్న మేలు ఇదే. కానీ ఏ తూటా అయినా ఒకటి రెండు అంగుళాలే ఆదా చేస్తుంది. గాలి జోరుగా ఉన్నప్పుడు 300 గజాల నుంచి కొట్టకుండా ఆగడం తుపాకీ చేసే పని కాదు, మీరు చేయాలి.

భుజానికి తన్ను

ఇక్కడే కొత్తవాళ్లు ఎక్కువగా చెడిపోతారు. "బయలు ప్రదేశం కదా, పవర్‌ఫుల్ తుపాకీ తీసుకో" అని ఎవరో చెబుతారు, .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ కొంటారు. ఎనిమిది పౌండ్ల రైఫిల్‌లో దాని తన్ను 25 ఫుట్-పౌండ్లు దాటుతుంది. .270 ది సుమారు 17, 6.5 క్రీడ్‌మూర్‌ది 12, 13. పది రౌండ్లు పేల్చేసరికి ఒంటికి అర్థమైపోతుంది: ట్రిగ్గర్ నొక్కితే దెబ్బ పడుతుంది. ఇక వేలు కదలకముందే కళ్లు మూసుకుంటాయి, భుజం ముందుకు తోస్తుంది. ఈ ఉలికిపాటు ఒకసారి అలవాటైతే వదిలించుకోవడం చాలా కష్టం. పైగా దెబ్బకు భయపడి ప్రాక్టీసు మానేస్తారు.

మొదటి రైఫిల్‌గా 6.5 క్రీడ్‌మూర్ గానీ, .270 గానీ తీసుకోండి. రేపు ఎల్క్ (మ్యూల్ డీర్ కంటే పెద్ద జింక) వేటకూ అదే తుపాకీ కావాలనుకుంటే .30-06 దాకా వెళ్లవచ్చు. ఒక్కటే ఎంచుకోమంటే నేను .270 అంటాను. చిన్న ఊళ్లోని హార్డ్‌వేర్ షాపులో కూడా దాని తూటాలు దొరుకుతాయి. ప్రయాణంలో తూటాల పెట్టె ఎక్కడో ఉండిపోతే దీని విలువ తెలుస్తుంది.

ఒంటికి సరిపోవాలి

నా లెక్కలో క్యాలిబర్ కంటే ఇది ముఖ్యం. దీని గురించి ఎవరూ మాట్లాడరు. మామూలు రైఫిళ్లలో ట్రిగ్గర్ నుంచి, భుజానికి ఆనే వెనక భాగం చివరి దాకా పదమూడున్నర అంగుళాలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఐదడుగుల ఐదంగుళాల మనిషి నవంబర్ చలికి మందపాటి జాకెట్ తొడిగితే ఆ పొడవు ఎక్కువైపోతుంది. మనలో చాలామంది ఆ ఎత్తువాళ్లమే, ఆడవాళ్లకైతే ఇంకా ఇబ్బంది. పన్నెండున్నర అంగుళాల కాంపాక్ట్ మోడళ్లున్నాయి. పొడవు తగ్గించుకోవడానికి స్పేసర్లు (తీసేయగల పలకలు) పెట్టిన మోడళ్లూ ఉన్నాయి, అడగండి.

షాపులో ఇలా చూడండి. జాకెట్ వేసుకునే వెళ్లండి. రైఫిల్ చేతికి రాగానే బోల్ట్ తెరిచి చాంబర్ (తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందో లేదో మీరే చూడండి, చిటికెన వేలు పెట్టి తడమండి. గొట్టం ఎవరి వైపూ లేకుండా గోడ మూలకు తిప్పండి. కళ్లు మూసుకుని రైఫిల్‌ను భుజానికి ఎత్తి, చెంపను కర్ర (రైఫిల్ స్టాక్) మీద ఆనించండి. ఇప్పుడు కన్ను తెరవండి. స్కోప్‌లో నిండు గుండ్రం కనిపిస్తే సరిపోయినట్టు. ఒక పక్క నల్లటి నీడ వచ్చినా, మెడ ముందుకు చాచాల్సి వచ్చినా సరిపోలేదు. చెంప ఆనకుండా గాలిలో ఉంటే కర్ర ఎత్తు చాలలేదన్నమాట. నిలబడి చూశాక కింద కూర్చుని, మోచేతులు మోకాళ్ల మీద పెట్టి మళ్లీ చూడండి. సేజ్‌బ్రష్‌లో పడుకుంటే పొద అడ్డొస్తుంది కాబట్టి మీరు ఎక్కువగా కొట్టేది అలా కూర్చునే. షాపువాడు ఏమనుకుంటాడో అని మొహమాటపడకండి.

ట్రిగ్గర్ మూడు పౌండ్ల ఒత్తిడికి అటూ ఇటూగా, జారకుండా గాజుపుల్ల విరిగినట్టు తెగాలి. ఖాళీ తుపాకీయే కదా అనుకోకుండా అనుమతి అడిగి నొక్కి చూడండి.

బరువు, స్కోప్, మిగతావి

స్కోప్, పట్టీతో కలిపి ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర పౌండ్లు బాగుంటుంది. 8000 అడుగుల ఎత్తులో రోజంతా మోయాలి నిజమే, కానీ మరీ తేలిక రైఫిల్ గట్టిగా తన్నుతుంది, ఆయాసంలో చేతుల్లో నిలవదు. బరువు తగ్గించాలంటే బ్యాగులోంచి తగ్గించండి. బోల్ట్ యాక్షన్ (బోల్ట్‌ను చేత్తో వెనక్కి లాగి తూటా ఎక్కించేది), 22 అంగుళాల బారెల్, మాగ్నమ్ అయితే 24. మంచులో, దుమ్ములో స్టెయిన్‌లెస్ బారెల్, సింథటిక్ స్టాక్ ఉంటే చూసుకోవడం తేలిక.

స్కోప్ 3-9x40 (3 నుంచి 9 రెట్లు పెద్దగా చూపే, 40 మి.మీ. ముందు అద్దం ఉన్నది) చాలు. నడిచేటప్పుడు ఎప్పుడూ 3 మీదే ఉంచండి. పొద చాటున పడుకున్న జింక అరవై గజాల్లో లేచి, నాలుగు కాళ్లూ ఒకేసారి నేలకు తన్నుతూ స్ప్రింగులా ఎగురుకుంటూ పోతుంది. అప్పుడు 9 మీద ఉంటే బొచ్చు తప్ప ఏమీ కనిపించదు. అలా పోయే జింక గట్టెక్కేముందు తరచూ ఆగి వెనక్కి చూస్తుంది. దానికోసం సిద్ధంగా ఉండండి, పరిగెత్తేటప్పుడు కొట్టకండి. స్కోప్‌ను పట్టి ఉంచే రింగులు, బేసుల దగ్గర పైసలు మిగుల్చుకోకండి. మరలను టార్క్ రెంచ్‌తో, తయారీదారు చెప్పిన కొలతకే బిగించండి. గురి తప్పిందని తూటాలు మార్చేవాళ్లలో చాలామందికి అసలు కారణం వదులైన మర.

తూటా విషయం: సీసం లేని, పూర్తి రాగి తూటాలను నేను గట్టిగా సమర్థిస్తాను. కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి అవి తప్పనిసరి. ఆరిజోనాలోని కైబాబ్ పీఠభూమి మ్యూల్ డీర్‌కు పేరున్న చోటు, కాండర్ రాబందులు తిరిగే చోటు కూడా. వేటగాళ్లు వదిలేసిన పేగుల్లోని సీసం ముక్కలు తిని ఆ పక్షులు చనిపోతున్నాయని అక్కడ రాగి తూటాలు వాడమని ప్రోత్సహిస్తున్నారు. మనం ఇంటికి తెచ్చుకునే మాంసానికీ అదే మేలు. రాగి తూటా విచ్చుకోవడానికి వేగం కావాలి కాబట్టి అదే క్యాలిబర్‌లో కాస్త తేలికది తీసుకోండి.

వచ్చే పాఠానికి సిద్ధం కావాల్సినవి

వచ్చే పాఠంలో జీరో చేస్తాం. ఒకే కంపెనీ, ఒకే బరువు, పెట్టె మీద ఒకే లాట్ నంబరు ఉన్న తూటాలు మూడు పెట్టెలు కొనండి. ఒక కట్ట పేపర్ ప్లేట్లు, చెవులకు మఫ్‌లు, కళ్లద్దాలు తీసుకోండి. ఈలోగా ఇంట్లో తూటాలు లేని గదిలో, ఖాళీ చాంబర్‌ను రెండుసార్లు సరిచూసుకుని, గోడ మీద చిన్న చుక్క పెట్టి, కూర్చుని రోజూ పది నిమిషాలు ఉత్త ట్రిగ్గర్ నొక్కండి. సెంటర్‌ఫైర్ (తూటా అడుగు మధ్యలో పిన్ను తగిలే) బోల్ట్ రైఫిళ్లలో చాలావాటికి దీనివల్ల నష్టం లేదు, అయినా మాన్యువల్ చూడండి. ట్రిగ్గర్ తెగిన క్షణంలో స్కోప్‌లోని గీత చుక్క మీద నుంచి ఎటు కదిలిందో ఒక పుస్తకంలో రాసుకోండి. ఎప్పుడూ ఒకే వైపుకు కదులుతుంటే ఆ పుస్తకం రేంజ్‌కు తీసుకురండి, అక్కడ దాన్ని సరిచేద్దాం.